షోలాపూరు మగ్గాల నడుమ ఒక కొలిమి

షోలాపూరు పేరు చెబితే మన ఇళ్లలో ముందుగా జ్ఞాపకం వచ్చేది దుప్పటి. పెండ్లికి పెట్టినది, పురిటికి పెట్టినది, రాత్రి రైలులో మెడదాకా కప్పుకున్నది. ఒకవైపు ఎర్రనేల మీద తెల్లనెమలి, తిరగవేస్తే తెల్లనేల మీద ఎర్రనెమలి. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ నెమలి కదలదు. ఆ దుప్పటికీ, అక్కడి తువ్వాలుకూ 2005-06లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. వాటిని గురించి వ్రాసినవారు చాలామందే ఉన్నారు. మేము ఇప్పుడు వ్రాయదలచినది దుప్పటిని గురించి కాదు, సుత్తిని గురించి.

సుత్తి అనగానే ఇంట్లో పిల్లలు నవ్వుతారని మాకు తెలుసు. 1982లో జంధ్యాలగారి "నాలుగు స్తంభాలాట" వచ్చిననాటి నుంచి బుర్ర తినే మాటలకు ఆ పేరు స్థిరపడిపోయింది. ఇద్దరు మంచి నటులకు ఇంటిపేరు కూడా అయి కూర్చుంది. మేము చెప్పేది కిలో బరువున్న ఇనుపసుత్తి సంగతి. బుర్ర తినకుండా చెప్పడానికే ప్రయత్నిస్తాము.

షోలాపూరులో తూర్పుభాగాన్ని అక్కడివారు పూర్వభాగ్ అంటారు. స్టేషనులో దిగి, సిద్ధేశ్వరుని గుడీ చెరువూ దాటి తూర్పుకు పోయేకొద్దీ చెవికి తెలుగు తగలడం మొదలవుతుంది. సాఖర్ పేఠ, భవానీ పేఠ, దాజీ పేఠ, భద్రావతి పేఠ, కన్నా చౌక్, అశోక్ చౌక్. దుకాణాల మీద బోర్డులు మరాఠీ, అరుగుల మీద మాటలు తెలుగు. ఇంటిపేర్లు వింటూ నడిస్తే కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు జిల్లాల పటం కళ్లముందు పరచినట్లుంటుంది. పద్మశాలీలు ఇక్కడికి ఒక్కసారిగా వచ్చినవారు కారు. పేష్వాల కాలం నుంచి కొద్దికొద్దిగా వస్తూనే ఉన్నారు. 1860లో రైలు వచ్చింది; 1876-78 నాటి కరువు దక్కనులో చాలా మగ్గాలను మూలపడవేసింది; 1877లో ఊళ్లో మొదటి నూలుమిల్లు లేచింది. ఆ తరువాత వచ్చినవారి సంఖ్య బాగా పెరిగింది. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయ మహాముని రథం వీధుల్లో కదిలేటప్పుడు చూస్తే, ఇది మహారాష్ట్రలో ఉన్న ఊరని ఎవరైనా గుర్తుచేయాలి.

ఒక్కటి మాత్రం చెప్పాలి. వారి తెలుగు నోటి తెలుగు. మేము పలుకరించిన ఇళ్లలో తెలుగు మాట్లాడనివారు లేరు. తెలుగు చదువగలవారు వ్రేళ్లమీద లెక్కకు వచ్చారు. మూడు నాలుగు తరాలుగా బడి మరాఠీ, ఇల్లు తెలుగు. మన పత్రిక చేతికిస్తే ఒక పెద్దావిడ అటు తిప్పి ఇటు తిప్పి, "అచ్చరాలు మంచిగున్నయి బిడ్డా, చదివి వినిపియ్యుండ్రి" అన్నది. చదివి వినిపించాము. అన్నీ అర్థమైనవి.

ఆ పెద్దావిడ ఒళ్లో చేట, చేటలో తునికాకు. ఈ పేటల్లో మగవారు మగ్గం మీద, ఆడవారు బీడీ మీద బ్రతుకుతారని పాత మాట. 2006లో ఊరి తూర్పున కుంభారి వద్ద బీడీ కార్మిక స్త్రీలకు గోదూతాయి పరులేకర్ పేరుతో 10,000 ఇళ్లు కట్టి, అప్పటి ప్రధాని మన్మోహన్ సింగుగారి చేత ఇప్పించారు. చాలామంది అక్కడికి తరలిపోయినా పేటల్లోని అరుగుల మీద కత్తెరల చప్పుడు ఇంకా ఉన్నది. రేకుముక్క కొలతపెట్టి ఆకును టకటకా కత్తిరించే ఆ కత్తెర పదును తగ్గితే పూట కూలి తగ్గుతుంది. పదును పెట్టించుకోవడానికి ఆవిడ పోయే చోటుకే మేమూ ఆవిడ వెనుక వెళ్లాము. కొలిమి దొరికినది అట్లా.

మగ్గాల చప్పుడు ఆ వీధుల్లో గాలివంటిది; కాసేపటికి చెవి దాన్ని పట్టించుకోదు. ఒక్కసారి కరెంటు పోతే మాత్రం ఊరంతా ఊపిరి బిగబట్టినట్లవుతుంది. ఆ చప్పుడు మీదనుంచి కూడా వినిపించేది దాగలి మీద సుత్తి మోత. రెండు షెడ్ల నడుమ సందులో, రేకుల కప్పు కింద, నిలువున ఒక మనిషి పొడవు వెడల్పు లేని చోటులో ఆ కొలిమి ఉన్నది. తోలుతిత్తి పోయి చాలాకాలమైందట. చేత్తో త్రిప్పే గాలిచక్రం ఉన్నది. ఒక మూల నీళ్లతొట్టి, ఒక మూల బూడిద గుంత, గోడకు రకరకాల పటకార్లు. దాగలి వేపమొద్దులో పాతివున్నది.

కమ్మరి పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. తాతగారు కరీంనగరం దిక్కునుంచి మగ్గాల వెంట వచ్చారట. "సాలోల్లు ఏడికి వోతే మేం ఆడికి. మగ్గం కట్టెదే గని, కట్టె చెక్కేటందుకు ఉలి కావాలె గద సారూ" అన్నారు. ఆయన పనిముట్లకు రెండేసి పేర్లున్నాయి. కొలిమికి భట్టీ, దాగలికి ఐరణ్, పటకారుకు సాండశీ, సమ్మెటకు ఘణ్, సుత్తికి హాతోడా. వచ్చేవారితో మరాఠీలో మాట్లాడేటప్పుడు మరాఠీ పేర్లు. పని ఊపులో పడి తనలో తాను అనుకునేటప్పుడు మాత్రం అన్నీ తెలుగు పేర్లే. మేము రెండు రోజులు గమనించాము, ఒక్కసారి కూడా తప్పలేదు.

మేము కూర్చున్న కాసేపటికి ఒక జాబర్ వచ్చాడు. మరమగ్గాల షెడ్డులో మగ్గం చెడితే బాగుచేసే పనివానిని అక్కడ జాబర్ అంటారు. యాభై ఐదేళ్లవాడు. ఎడమ చెంప మీద చిన్న మచ్చ. భుజాన గోనెసంచి.

"కాకా, సుత్తి జెయ్యాలె. మొన్న జెప్పిన."

"బాజార్ల దొరకలేదార?"

"దొరికిందే గద ఇది చేసింది" అని చెంప చూపించాడు.

ఆ సంగతి తరువాత విన్నాము. బజారులో 300 రూపాయలకు కొన్న సుత్తి ముఖం మరీ గట్టిగా ఉండి, ఉక్కు చావీ మీద కొట్టగానే అంచు పెచ్చులూడింది. తునక ఎగిరి చెంప చీరింది. రెండంగుళాలు పైకి పోయి ఉంటే కన్ను పోయేది. అంతకుముందు కొన్న మరో సుత్తి ఇందుకు వ్యతిరేకం. మెత్తనిది, ఏడాది తిరగకుండా ముఖం పుట్టగొడుగులాగా విచ్చుకున్నది. బజారు సుత్తులన్నీ ఇట్లాగే ఉంటాయని మేము అనము, మంచివీ ఉంటాయి. కాని జాబర్‌కు కావలసినది మరొకటి కూడా ఉన్నది. మగ్గానికీ మగ్గానికీ మధ్య మనిషి పక్కవాటుగా దూరేంత సందు మాత్రమే ఉంటుంది. అక్కడ వంగి, పళ్లచక్రాన్ని ఇరుసుకు బిగించే ఇనుప చావీని కొట్టాలి. చేయి వెనక్కు ఎత్తే చోటు లేదు. పొట్టి పిడి, బరువైన తల, ఒకవైపు చదునైన ముఖం, రెండోవైపు సందులో దూరే సన్నని మూతి ఉండాలి. అటువంటిది దుకాణంలో వ్రేలాడదు. చేయించుకోవలసిందే.

సంచి విప్పి దాగలి పక్కన ఒక ఇరుసు ముక్క పెట్టాడు. నూనె మరకలతో నల్లగా, రెండుచోట్ల అరిగిపోయి ఉన్నది. అతడు పనిచేసే షెడ్డులో 24 మగ్గాలుండేవి. యజమాని 16 మగ్గాలను కిలోల లెక్కన పాత ఇనుపవారికి అమ్మివేశాడు. నాడె అక్కరలేని కొత్తరకం మగ్గాలు వచ్చి, పాత మగ్గాలకు గిట్టుబాటు తగ్గింది. అమ్మిన వాటిలో ఒక మగ్గం మీద ఈ జాబర్ 27 ఏళ్లు పనిచేశాడు. లారీలోకి ఎక్కిస్తూంటే అడిగి, దాని ఇరుసు ముక్క ఒకటి కోయించి తెచ్చుకున్నాడు. సుత్తి దీనితోనే చేయాలి అని అతని కోరిక.

పెద్దాయన ముక్కను చేతిలో తూచినట్లు పట్టుకున్నారు. "మగ్గం ఒల్లంత బీడు బిడ్డా. బీడు కొలిమిల వెడితే సాగది, పలుగుతది. ఇరుసు బీడు గాదు, నిజమే. గని ఇది ఉక్కా, ఉత్త ఇనుమా? సూడాలె" అన్నారు.

పరీక్ష చూడవలసినదే. ఇరుసునుంచి వ్రేలంత సన్నని చీలిక తీశారు. షెడ్డు మూలనుంచి లారీ యాక్సిల్ కడ్డీ తెచ్చి దాని నుంచి మరొకటి తీశారు. రెంటినీ కలిపి ఎర్రగా కాల్చి ఒక్కసారే నీళ్లలో వేశారు. చల్లారాక ఒక్కొక్కదాన్ని బిగించి సుత్తితో పక్కకు కొట్టారు. యాక్సిల్ చీలిక గాజుముక్కలాగా ఫట్టున విరిగింది. విరిగిన చోట బూడిదరంగులో సన్నని పలుకు కనిపించింది. ఇరుసు చీలిక విరగలేదు. కొడితే వంగింది, మళ్లీ కొడితే ఇంకా వంగింది. ఉక్కులో బొగ్గుపాలు తగినంత ఉంటేనే నీళ్లలో ముంచినప్పుడు గట్టిపడుతుంది. తక్కువైతే ఎన్నిసార్లు ముంచినా మెత్తగానే ఉంటుంది. మగ్గపు ఇరుసు తిరిగే పనికి చేసినది, దెబ్బకు చేసినది కాదు.

"దీంతోని సుత్తి జేస్తే నెలకు ముఖం గుంటవడ్తది. నేను జెయ్య" అన్నారు పెద్దాయన. జాబర్ ఏమీ మాట్లాడలేదు. ఇరుసు ముక్కను మళ్లీ సంచిలో పెట్టుకోబోతే, "ఆడనే ఉండనియ్యి" అన్నారు.

ఇక్కడ ఒక పక్కదారి. ఈ పెద్దాయన పూర్వులు వచ్చిన దిక్కునే, నేటి నిజామాబాదు జిల్లాలో, కోనసముద్రం అనే ఊరున్నది. అక్కడి మూసలలో కరిగించిన ఉక్కుకోసం పారశీక వర్తకులు వచ్చి ఆ ఊళ్లోనే మకాం వేసేవారు. వైద్యుడూ భూగర్భశాస్త్రజ్ఞుడూ అయిన వోయ్‌సీ అనే ఆంగ్లేయుడు ఆ పని కళ్లారా చూచి వ్రాసినది 1832లో కలకత్తాలో అచ్చయింది. యూరపువారు "వూట్జ్" అని పిలిచి అబ్బురపడినది మన ఉక్కు మాటనే అని పండితులు చెబుతారు. 1819లో ఆ ఉక్కును విడదీసి పరీక్షించినవారిలో మైకేల్ ఫారడే ఒకడు. విద్యుత్తు పేరుతో ప్రపంచమంతా ఎరిగిన ఆ ఫారడే తండ్రి లండనులో కమ్మరి. ఈ సంగతి చెబితే పెద్దాయన, "అట్లనా, మనోడే అయితే" అని నవ్వి గాలిచక్రం అందుకున్నారు. కోనసముద్రం మూసలు చల్లారి చాలాకాలమైంది. విరిచి, పలుకు చూచి ఉక్కును పోల్చుకునే పద్ధతి మాత్రం ఈ సందులో ఇంకా నడుస్తున్నది.

యాక్సిల్ ముక్క కోసి తూచారు. 1 కిలో 250 గ్రాములు. పూర్తయ్యేసరికి తల కిలోకు కాస్త అటూ ఇటూ రావాలి. మిగిలినది చిట్టెంగా, కంటినుంచి రాలే బిళ్లగా, ఆకురాయి పొడిగా పోతుంది. ఈ లెక్క కాగితం మీద లేదు.

సమ్మెట కొట్టేవాడు లేడు. ఒకప్పుడు తమ్ముడు కొట్టేవాడు, తరువాత కొడుకు కొట్టాడు. కొడుకు ఇప్పుడు పూణెలో ఏదో కారఖానాలో ఉన్నాడు. మహారాష్ట్రలో బండ్ల మీద తిరిగే గిసాడీ కమ్మరులలో సమ్మెట కొట్టేది ఆడవారే. భర్త పటకారుతో పట్టుకుంటే భార్య నెత్తి మీదనుంచి సమ్మెట దింపుతుంది. పెద్దాయన భార్య కూడా కొన్నాళ్లు కొట్టిందట, ఇప్పుడు మోకాళ్లు పట్టేశాయి. చివరకు జాబరే చొక్కా విప్పి సమ్మెట అందుకున్నాడు.

ముక్క ఎర్రబడి, ఎరుపు దాటి పండిన నారింజ రంగుకు, దానిపైన లేత పసుపుకు వచ్చింది. అక్కడే తీయాలి. మరికాస్త ఉంచితే తెల్లబడి నిప్పురవ్వలు చిమ్ముతుంది, ఉక్కు మండిపోతుంది; మండిన ఉక్కును ఏ కమ్మరీ మళ్లీ బాగుచేయలేడు. చల్లబడ్డాక కొడితే లోపల బీటలు వారుతుంది. ఈ రెంటికీ మధ్య ఉన్న సమయం నిండా ఒక నిమిషం కూడా ఉండదు. అందుకే కొలిమి దగ్గర మాటలు తక్కువ. ఆజ్ఞలన్నీ సుత్తితోనే.

ఇది మాకు అన్నిటికంటె నచ్చిన భాగం కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాము. పెద్దాయన ఎడమచేత పటకారుతో ముక్కను పట్టి, కుడిచేత చిన్నసుత్తితో ఒకచోట టిక్కుమనిపిస్తారు. సమ్మెట అక్కడే పడాలి. మెల్లగా తడితే మెల్లగా, గట్టిగా తడితే గట్టిగా. సుత్తిని కొంచెం వాల్చి తడితే సమ్మెట కూడా వాలాలి. చిన్నసుత్తి దాగలి పక్క మీద ఒంటిగా మోగిందంటే ఆపమని అర్థం. మొదట జాబర్‌కు తాళం కుదరలేదు. ఒకటి రెండు దెబ్బలు పక్కకు పోయినవి. పెద్దాయన తిట్టలేదు, తడిచే వేగం మాత్రం తగ్గించారు. పదిహేను దెబ్బలకు అతని భుజం దారిలో పడింది. 27 ఏళ్లు మగ్గాల తాళం విన్నవాడు గదా. అప్పటినుంచి టిక్, ధన్, టిక్, ధన్. గుండ్రని ముక్క నాలుగు పలకలుగా తేలింది.

పెద్దాయన చేతిలోని ఆ చిన్నసుత్తి వారి నాయనగారిది. ముఖం మధ్యలో అరిగి చిన్న గుంత పడింది. సుత్తి చేయడానికి సుత్తి కావాలి, ఆ సుత్తిని చేయడానికి మరొక సుత్తి కావాలి. ఇట్లా వెనక్కు పోతే చివరకు ఎవరి చేతిలోనో రాయి ఉండాలి. వడ్రంగికి ఉలి, సాలెకు మేకు, బీడీ చుట్టేవారికి కత్తెర, అన్నిటికీ కొలిమికి రావలసిందే. కమ్మరి మాత్రం తన పనిముట్టు తానే చేసుకుంటాడు.

తరువాత కన్ను. పిడి దూరే రంధ్రాన్ని ఆయన కన్ను అంటారు. సుత్తి బాగోగులన్నీ ఇక్కడే తేలుతాయి. కన్ను వెంట్రుకవాసి వంకరపోతే ముఖం వాలుతుంది, ప్రతి దెబ్బా మణికట్టుకు వస్తుంది. చల్లని ముక్క మీదే మధ్య చూచి గుర్తు కొట్టుకున్నారు. తిరిగి పసుపురంగు వచ్చాక గుర్తు మీద మొద్దుమొన ఉలి నిలిపారు. నాలుగు దెబ్బలు, ఉలి నీళ్లలో, మళ్లీ నాలుగు దెబ్బలు. లేకపోతే ఉలి తానే కాలి మెత్తబడి వంగుతుంది. మధ్యలో రంధ్రంలోకి చిటికెడు బొగ్గుపొడి వేశారు, ఉలి పట్టుకుపోకుండా. మూడింట రెండు వంతులు దిగాక చప్పుడు మారింది, ధన్ పోయి ఠక్ వచ్చింది. ముక్కను తిరగవేశారు. ఎర్రని ఉక్కు మీద ఒకచోట నల్లని నీడ కనిపించింది. లోపలినుంచి ఉలి నొక్కినచోట ఉక్కు పలుచబడి, దాగలికి ఆనుకుని ముందుగా చల్లబడుతుంది కాబట్టి అక్కడ నీడ పడుతుంది. సరిగ్గా ఆ నీడ మీద ఉలి పెట్టి రెండు దెబ్బలు కొడితే పావలాబిళ్లంత ముక్క కిందికి రాలింది. రెండు వైపులనుంచి తొలిచిన దారులు లోపల కలుసుకున్నవి.

ఆపైన కోడిగుడ్డు కోపుగా ఉండి, సన్నగా మొదలై లావయ్యే కడ్డీని ఒకసారి ఇటునుంచి, ఒకసారి అటునుంచి దిగగొట్టారు. దానివల్ల కన్ను మధ్యలో కాస్త ఇరుకై, రెండు అంచుల వద్ద వెడల్పవుతుంది. పిడి కిందినుంచి బిగుతుగా ఎక్కి, పైన చీల కొట్టగానే విచ్చుకుని, ఇరుకునడుము దాటి వెనక్కు రాలేదు. డమరుకం లోపల దూర్చిన గుడ్డ మాదిరి. యంత్రంతో తిన్నగా తొలిచిన రంధ్రంలో ఈ పట్టు ఉండదు. తల ఊడి ఎగిరిన సుత్తులు మన ఇళ్లలో కూడా ఉన్నవి గదా.

మూతి తీసి, ముఖం చదునుచేసి, అంచులు కొద్దిగా గుండ్రం చేసేసరికి పొద్దు వాలింది. మూడుసార్లు ఎర్రగా కాల్చి ఊరికే గాలిలో చల్లార్చారు. ఇంతసేపు దెబ్బలు తిన్న ఉక్కు లోపల బిగదీసుకుని ఉంటుంది. ఈ కాల్పులతో సర్దుకుంటుందట. నాలుగోసారి కాల్చి బూడిద గుంతలో కప్పిపెట్టారు. "పండనీయుండ్రి, రేపు లేపుదం" అన్నారు. మేము దాజీ పేఠ వేంకటేశ్వరుని దర్శనం చేసుకుని బసకు చేరాము.

మరునాడు ఉదయం బూడిదలోనుంచి తీసినప్పుడు తల ఇంకా గోరువెచ్చగానే ఉన్నది. అంత నిదానంగా చల్లారింది కాబట్టే ఆకురాయికి లొంగింది. ముఖాన్ని పూర్తిగా చదునుగా ఉంచలేదు. ఉందో లేదో అన్నంత ఉబ్బు ఉంచారు. బల్లపరుపుగా ఉంటే అంచు తగిలినప్పుడల్లా గాటు పడుతుంది. ఈ ఆకురాయి పని మధ్యాహ్నందాకా సాగింది. దానిని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఓపిక తప్ప.

పానం పెట్టడం చివరి పని. నిన్నటి శ్రమంతా ఇక్కడ ఒక్క క్షణంలో నీళ్లపాలు కావచ్చు. "ముఖం గట్టిగుండాలె, నడుం మెత్తగుండాలె. మొత్తం గట్టిగైతే కన్ను కాడ పలుగుతది. మొత్తం మెత్తగైతే ఇంతసేపు ఎందుకు?" అన్నారు పెద్దాయన. ముఖాన్ని కొలిమిలో పెట్టి, పాత లౌడుస్పీకరు నుంచి తీసిన అయస్కాంతాన్ని తీగకు కట్టి దగ్గరకు తెచ్చి చూచారు. ఉక్కు తగినంత కాలగానే అయస్కాంతం దాన్ని పట్టడం మానుతుంది. వెలుతురులో రంగు కన్నును మోసం చేయవచ్చు, అయస్కాంతం చేయదని ఆయన మాట. పట్టు వదిలిన తరువాత మరికొంచెం కాల్చి, ముఖం మాత్రం మునిగేటట్లు నీళ్లలో దించి, గుండ్రంగా త్రిప్పుతూ పట్టుకున్నారు. నీళ్లు గుర్రుమన్నవి. నడుము ఇంకా ఎర్రగా ఉండగానే పైకి తీసి, ముఖాన్ని ఇటుకముక్కతో గబగబా రుద్ది తెల్లగా మెరిపించారు.

ఇప్పుడు చూడవలసినది ఆ తెల్లని ముఖాన్ని. నడుములో దాగిన వేడి మెల్లగా ముఖం వైపు నడిచి వస్తుంది, వస్తూ రంగులు తెస్తుంది. మొదట ఎండుగడ్డి రంగు, దాని వెనుక తేనె రంగు, ఆ వెనుక గోధుమ, ఊదా, చివర నీలం. ఎండుగడ్డి రంగు దగ్గర ఆపితే మరీ గట్టి. జాబర్ చెంప చీరినది అటువంటిదే. నీలం దాకా పోనిస్తే మెత్తన. ముఖమంతా గోధుమరంగు పరచుకుని అంచున ఊదా తొంగిచూడగానే మళ్లీ నీళ్లలో ముంచారు. మూతికీ అంతే. నడుము గట్టిపడి ఉంటుందేమోనన్న అనుమానం కూడా ఉంచుకోకుండా, ఎర్రగా కాల్చిన కడ్డీని కంటిలో దూర్చి, కన్ను చుట్టూ నీలం తేలేవరకు ఉంచారు. ఆకురాయిని ముఖం మీద ఒకసారి లాగి చూచారు. జారిపోయింది, గీత పడలేదు. అప్పుడు మొదటిసారి బీడీ ముట్టించారు.

పిడి నల్లతుమ్మ. జాబర్ మోచేతినుంచి పిడికిలి వరకు కొలిచి, సందులో వంగి చూపించమని, మరో రెండు వ్రేళ్లు తగ్గించారు. తల ఎక్కించాక పైన కొట్టడానికి ఇనుపచీల కావాలి. చీల ఉక్కుది కాకూడదు. మెత్తని ఇనుమైతేనే కట్టెలో ఒదిగి కూర్చుంటుంది. పెద్దాయన వంగి, నిన్న పక్కన ఉంచమన్న మగ్గపు ఇరుసునుంచి చిన్నముక్క తెగగొట్టి, కాల్చి, సాగదీసి, రెండు పక్కలా గాట్లు పెట్టి చీల చేశారు. దిగగొట్టి, మిగిలిన కొనను ఆకురాయితో సమం చేసి, సుత్తి తిప్పి జాబర్ చేతికిచ్చారు. అతడు ఆ చీలను బొటనవ్రేలితో తడిమి చూచుకున్నాడు. ఇద్దరిలో ఎవ్వరూ దాన్ని గురించి మాట్లాడలేదు.

బేరం 900 రూపాయలు. జాబర్ ఇచ్చిన నోట్లలోనుంచి పెద్దాయన 200 తిరిగి ఇచ్చారు, సమ్మెట కొట్టిన కూలి అని. "నా సుత్తికి నేనే కూలి దీసుకుంటన కాకా?" అని అతడు చాలాసేపు గునిశాడు. "కొట్టినోనికి కూలి. అది ఎవని సుత్తైతేంది" అని ఆయన వినలేదు. మన సభల్లో చేతివృత్తులవారికి శాలువాలు కప్పుతూ ఉంటాము. ఆ శాలువాతోపాటు వారిచేత ఒక పని చేయించుకుని ధర చెల్లించే అలవాటు కూడా ఉంటే బాగుంటుందని మాకు అనిపించింది. మేము కూడా కొబ్బరికాయ కొట్టే కత్తి ఒకటి చేయించుకున్నాము. 350 తీసుకున్నారు, బేరమాడలేదు. అప్పటికి కత్తెరలతో వచ్చిన ఆడవారు నలుగురయ్యారు.

జాబర్ మమ్మల్ని షెడ్డుకు తీసుకువెళ్లాడు. మధ్యలో ఖాళీనేల మీద 16 మగ్గాలు కూర్చున్న చోట్లు నూనెతో నల్లగా తెలుస్తున్నవి. మిగిలిన ఎనిమిదింటిలో ఏడు నడుస్తున్నవి. ఎనిమిదోదాని పక్క సందులో అతడు ఒంటిచేత్తో దూరి, వంగి, చావీ మీద సుత్తిమూతి ఆనించి చూచి, తిప్పి ముఖంతో మూడు దెబ్బలు కొట్టాడు. జానెడు కంటె చేయి వెనక్కు పోలేదు. చక్రాన్ని చేత్తో ఊపి చూచి, స్విచ్చి వేయమని నేతగానికి సైగ చేశాడు. నాడె పరుగెత్తింది. పడుగు మీద నిలిచిపోయిన నెమలికి తోక పెరగడం మొదలైంది. ఆ చప్పుడులో మాటలు వినబడవు కాబట్టి మేము చేతులు జోడించి సెలవు తీసుకున్నాము. అతడు సుత్తితోనే చేయెత్తి, మూడో మగ్గం దగ్గర ఎవరో పిలిస్తే అటు వెళ్లాడు.